డాట్సన్: ఒక చవక కారు కథ, ఒక యజమాని మాట

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "ఎవరికి తెలిసిన ముచ్చట వాళ్లు చెప్పాలె. డాక్టర్లు రోగాల గురించి చెప్తరు, నువ్వు బండ్ల గురించి చెప్పు" అన్నాడు. నాకు తెలిసింది కూడా అదొక్కటే. 1984లో ఇక్కడ పదో తరగతి పాసై, ఐటీఐలో మోటార్ మెకానిక్ నేర్చుకుని, పటాన్‌చెరులో ముప్పై ఏళ్లకు పైగా బండ్ల కింద పడుకున్న మనిషిని నేను. ఫిజిక్స్ సార్ మొదటి వరుసలోనే ఉన్నారు. నా మాటల్లో ఒకచోట ఆయన నేర్పిన సూత్రం వస్తుంది. తప్పయితే ఆపండి సార్.

పొద్దున గేటు దగ్గర మీలో చాలామంది నా కారు చూసి నవ్వారు. "ఇంకా ఇదే నడుపుతున్నవా?" అని ఇద్దరు అడిగారు. అది డాట్సన్ గో. 2015లో కొన్నాను. ఆ పేరుతో కార్లు చేయడం 2022లోనే మానేశారు. ఈ రోజు నేను చెప్పేది దాని గురించే. దాన్ని అమ్మే పని ఒకటి వారం రోజులుగా నా మెడకు చుట్టుకుని ఉంది కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను.

డాట్సన్ అన్న మాట నేను మొదట విన్నది ఏ షోరూంలోనూ కాదు. మా మేనమామ 1979లో సౌదీ పోయాడు. ఏడాదికి ఒక ఫోటో పంపాడు. ఎర్రటి మట్టి, దాని ముందు తెల్లటి పికప్ బండి, దాని బానెట్ మీద చెయ్యి వేసి మామ. వెనక "డాట్సన్ బండి నడుపుతున్నాను" అని రాశాడు. ఆ బండి తనదని ఊరంతా అనుకున్నారు. అది వాళ్ల సేఠ్‌ది. మెదక్, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లల్లో ఇప్పటికీ అట్లాంటి ఫోటోలు దొరుకుతాయి. మన ప్రాంతపు మనుషులు డాట్సన్‌ను కొనడానికి ముప్పై అయిదేళ్ల ముందే నడిపారు.

ఆ పేరు వెనక ఉన్న కథ చిన్నదే, కానీ బాగుంటుంది. జపాన్‌లో హషిమోతో మసుజిరో అనే ఇంజనీరు 1911లో టోక్యోలో ఒక మోటారు కార్ఖానా పెట్టాడు. పెట్టుబడి పెట్టిన ముగ్గురి ఇంటిపేర్లు డెన్, అవోయామా, తకేయుచి. 1914లో వచ్చిన కారుకు ఆ ముగ్గురి మొదటి అక్షరాలు కలిపి 'డాట్' అని పెట్టారు. జపాన్ భాషలో దాత్తో అంటే బెదిరి పరుగెత్తే కుందేలు అని కూడా అర్థం వస్తుందట. 1930లో అక్కడి ప్రభుత్వం 500 సీసీ లోపు ఇంజను ఉన్న కారు నడపడానికి లైసెన్సు అక్కర్లేదని చెప్పింది. వెంటనే 1931లో 495 సీసీ చిన్న కారు చేశారు. డాట్‌కు పుట్టిన కొడుకు కాబట్టి ఇంగ్లీషు మాట 'సన్' తగిలించి, అక్షరాల్లో డాట్‌సన్ అన్నారు. కానీ జపాన్ భాషలో 'సోన్' అంటే నష్టం. వ్యాపారం చేసే వస్తువు పేరులో నష్టం ఉంటే ఎట్లా? ఒక్క అక్షరం మార్చి కొడుకును సూర్యుడిని చేశారు. మనవాళ్లు న్యూమరాలజీకి పేరు మార్చినట్టే. తర్వాత ఆ కంపెనీయే 1934లో నిస్సాన్ అయింది. చిన్న కార్లకు మాత్రం డాట్సన్ పేరే ఉంచారు.

1958 నుంచి అమెరికాకు ఎగుమతి చేశారు. మొదట అక్కడి రోడ్ల మీద ఆ చిన్న కార్లను చూసి నవ్వారు. 1973లో చమురు కరువు వచ్చాక నవ్వినవాళ్లే వచ్చి వరసలో నిలబడ్డారు. తక్కువ ధర, తక్కువ పెట్రోలు, మొరాయించకుండా తిరగడం: డాట్సన్‌కు పేరు తెచ్చినవి ఈ మూడు. అంత పేరు వచ్చాక 1981లో కంపెనీ ఒక వింత నిర్ణయం తీసుకుంది. అన్నిటికీ నిస్సాన్ అనే ఒకే పేరు ఉండాలని, నడుస్తున్న డాట్సన్ పేరును మెల్లమెల్లగా తీసేసింది. 1986 నాటికి ఆ పేరు లేకుండా పోయింది.

అక్కడ పేరు పోతున్న రోజుల్లోనే ఆ కంపెనీ మన ఇంటి పక్కకు వచ్చింది. ఇక్కడున్న చిన్నవాళ్లకు తెలియదేమో. మన ఊరి నుంచి మియాపూర్ పోతే అల్విన్ చౌరస్తా వస్తుంది కదా, ఆ అల్విన్ ఒకప్పుడు హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ. 1942లో నిజాం కాలంలో మొదలైంది. సనత్‌నగర్‌లో వాళ్లు బస్సు బాడీలు కట్టేవాళ్లు, డబుల్ డెక్కర్లు కూడా. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు చేసేవాళ్లు. ఆ అల్విన్, నిస్సాన్ వాళ్లతో కలిసి మన మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది. నిస్సాన్ వాళ్ల కాబ్‌స్టార్ అనే బండి అల్విన్ నిస్సాన్ పేరుతో అక్కడి నుంచి వచ్చింది. ఆ రోజుల్లోనే దేశంలో ఇంకో మూడు చోట్ల ఇట్లాంటివే వచ్చాయి: డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా. నాలుగింటికీ మన పేరు ముందు, జపాన్ పేరు వెనక.

నేను ఐటీఐ నుంచి బయటకు వచ్చి పటాన్‌చెరులో ఒక షెడ్డులో చేరే నాటికి ఆ బండ్లు ఫేజ్ వన్‌లో తిరుగుతున్నాయి. అంతవరకూ మేం చూసినవి ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు ఉన్న లారీలు. ఇది ముక్కు లేని బండి. ఇంజను డ్రైవరు సీటు కింద. మా ఉస్తాద్ దాని బోల్టు ఒకటి విప్పి, మళ్లీ బిగించి, "చూడు బేటా, చెయ్యి అడ్డం పెట్టకుండనే కూసుంటది" అన్నాడు. మనకు అంతవరకూ బోల్టు పట్టకపోతే సుత్తి ఉండేది. ఒక కంపెనీ నట్టుకూ బోల్టుకూ మధ్య ఎంత ఖాళీ వదలాలో ఇంత పట్టింపుగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

కానీ ఆ బండి నిలబడలేదు. విడిభాగాలు చాలావరకు జపాన్ నుంచి రావాలి. 1985 తర్వాత యెన్ విలువ విపరీతంగా పెరిగింది, రూపాయి లెక్కలో ఖర్చు పెరిగిపోయింది. 1986లో టాటా 407 వచ్చింది. దానికి ఏ సామాను కావాలన్నా రోడ్డు దాటితే దొరికేది. అంత నాజూకు లేకపోయినా ఎంత బరువు వేసినా లాగేది. బండి అప్పు మీద కొన్న మనిషికి బోల్టు ఎంత నాజూకుగా కూర్చుందన్నది కాదు, బండి ఎన్ని రోజులు నిలబడిపోయిందన్నది ముఖ్యం. తర్వాత జహీరాబాద్ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు వస్తున్నాయి. ఫ్యాక్టరీ బతికింది, మనవాళ్లకు పని ఉంది, అది మంచిదే. అల్విన్ పేరు మాత్రం ఒక చౌరస్తాకు మిగిలింది.

ఇంకొకటి చెప్పకపోతే పెద్దవాళ్లు ఊరుకోరు. చవక జపాన్ కారు అంటే మన దేశంలో అందరికీ గుర్తొచ్చేది డాట్సన్ కాదు, మారుతి 800. సుజుకి వాళ్ల కారు. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళాలు ఇచ్చింది ఇందిరా గాంధీ. అప్పుడు ఆమె మన మెదక్ ఎంపీ. మొదటి ధర 47,500 రూపాయలు. ఆ కారు చవక అని ఎవరూ దాన్ని చిన్నచూపు చూడలేదు. ఎందుకంటే దానికి పైన ఉన్నవి పాత మోడల్ అంబాసిడర్, ఫియట్. చవకది కొత్తదీ కావడంతో అది గౌరవం అయింది. ముప్పై ఏళ్ల తర్వాత డాట్సన్‌కు ఆ అదృష్టం దక్కలేదు.

నిస్సాన్ కంపెనీ 2012లో ఆ పాత పేరును మళ్లీ బయటికి తీసింది. కార్లోస్ గోన్ అప్పుడు దాని పెద్ద. ఇండియా, ఇండోనేషియా, రష్యా లాంటి దేశాల్లో మొదటిసారి కారు కొనేవాళ్ల కోసం తక్కువ ధర కార్లు ఈ పేరుతో చేస్తామన్నాడు. (ఆయనే తర్వాత జపాన్‌లో అరెస్టయి, 2019 చివర్లో ఒక పెట్టెలో దాక్కుని దేశం దాటిపోయాడు. అది వేరే సినిమా.) మద్రాసు దగ్గర ఒరగడంలో తయారైన డాట్సన్ గో 2014 మార్చిలో వచ్చింది. ఢిల్లీ షోరూం ధర 3 లక్షల 12 వేల నుంచి మొదలు. 1200 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, 68 గుర్రాల బలం. లోపల ఎముకలు నిస్సాన్ మైక్రావే. తర్వాత ఏడు సీట్ల గో ప్లస్ వచ్చింది, 2016లో ఇంకా చిన్నదైన రెడీ గో వచ్చింది.

ఇక నా సంగతి. 2014 చివరికి అమ్మకు డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు రామచంద్రాపురం పోవాలి. పోయేటప్పుడు ఆటోలో కూర్చునేది. వచ్చేటప్పుడు కూర్చోలేకపోయేది. బీరంగూడ కమాన్ దగ్గర గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా నా చెయ్యి పట్టుకునేది. నేను నా స్నేహితుల దగ్గర వేసిన చిట్టీ ఎత్తాను, కొంత అప్పు చేశాను. నా చేతిలో నాలుగు లక్షల చిల్లర ఉంది. ఆ డబ్బుకు అమ్మ కాళ్లు చాపుకుని కూర్చునే కొత్త కారు ఏదంటే నాకు కనిపించింది ఇదే.

కొన్న తర్వాత ఎట్లా ఉంది అని అడిగేవాళ్లకు నిజం చెప్తాను. గేరు రాడ్డు కింద నేల మీద కాకుండా డాష్‌బోర్డుకు ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ కూడా అక్కడే, గొడుగు పిడిలాగా లాగాలి. అందుకని ముందు రెండు సీట్ల మధ్య ఖాళీ లేదు, మధ్యలో చిన్న దిండు లాంటిది ఉంటుంది. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. అమ్మ మందుల సంచి, నీళ్ల సీసా తొమ్మిదేళ్లు అక్కడే కూర్చున్నాయి. తలుపులు బాగా తెరుచుకుంటాయి. మోకాళ్లు వంగని మనిషి పక్కకు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. ఇంజను లాగుడు మంచిది, ఐదుగురు కూర్చుని అనంతగిరి ఘాటు ఎక్కినా ఆయాసపడలేదు. లీటరుకు 20.63 అని కాగితం మీద ఉంటే, నాకు మన రోడ్ల మీద 17, జహీరాబాద్ రోడ్డు మీద 19 వచ్చింది. పాటల పెట్టె లేదు, ఫోన్ పెట్టుకునే స్టాండు ఇచ్చారు. ముందు అద్దానికి ఒకటే వైపరు. తలుపు వేస్తే డబ్బా మూత వేసినట్టు చప్పుడని పత్రికల్లో రాశారు. మెకానిక్‌గా చెప్తున్నా, చప్పుడుతో కారును కొలవకూడదు. ఇదే బడిలో పనిచేసిన ఒక టీచరమ్మ నలభై ఎనిమిదేళ్ల వయసులో నా కారు మీద డ్రైవింగ్ నేర్చుకున్నారు. స్టీరింగు తేలిక, చుట్టూ బాగా కనిపిస్తుంది అని ఆమె కూడా అదే కొన్నారు. నా షెడ్డుకు వచ్చిన డాట్సన్‌ల యజమానులు అందరూ ఇట్లాంటివాళ్లే: ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసే సూపర్‌వైజరు, కిరాణా కొట్టు ఆయన, పాల వ్యాపారి. వాళ్ల ఇంట్లో అంతకు ముందు కారు లేదు.

చుట్టాలు మాత్రం ఊరుకోలేదు. ఒక పెళ్లిలో మా బావ నలుగురి ముందు, "మెకానిక్ అయ్యుండి ఇదెందుకు కొన్నవు బావా, ఇంకో యాభై వేలు పెట్టకపోయినవా" అన్నాడు. ఆ రోజు నాకు అర్థమైంది, మనవాళ్లు కారు కొనేది పోవడానికి కాదు, నలుగురి ముందు దిగడానికి. ఆ కారును చవక కారు అని చెప్పి అమ్మారు, చవక కారును కొనుక్కోగల మనిషి తనను చవక మనిషి అనుకుంటారని భయపడ్డాడు. అమ్మకాలు లేకపోవడానికి నేను చూసిన ఒక కారణం అది.

రెండో కారణం నవ్వులాట కాదు. నేను ఈ రోజు మైకు ముందుకు వచ్చింది దాని కోసమే.

2014 నవంబరులో, అంటే నేను కొనడానికి మూడు నెలల ముందు, గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఆ కారును గుద్ది చూసింది. పెద్దవాళ్ల రక్షణకు వచ్చింది సున్నా స్టార్లు. ఆ సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ, గోన్‌కు ఉత్తరం రాసి, ఆ కారు అమ్మకం ఆపమని అడిగాడు. అదే ఏడాది జనవరిలో మన దేశంలో బాగా అమ్ముడయ్యే ఇంకో అయిదు కార్ల మామూలు రకాలకు కూడా సున్నాయే వచ్చింది. కాబట్టి ఇదొక్కటే పాపం చేసింది అనలేం. కానీ దీని విషయంలో వాళ్లు ఇంకో మాట అన్నారు. దీని బాడీ నిలబడలేదు, ఇందులో ఎయిర్‌బ్యాగులు పెట్టినా లాభం ఉండదు అని.

ఆ మాటకు అర్థం చెప్తాను. గుద్దినప్పుడు కారు ముందు భాగం నలగాలి. నలిగితేనే దెబ్బను అది మింగుతుంది. మనుషులు కూర్చున్న గది మాత్రం నలగకూడదు. టిఫిన్ క్యారియర్ కింద పడితే బయటి డబ్బాకు సొట్ట పడినా లోపలి గిన్నెలో అన్నం ఉండాలి, అంతే. గది నిలబడితే ఆ లోపల బెల్టు, బ్యాగు పనిచేస్తాయి. గదే మూసుకుపోతే అవి ఎక్కడ పనిచేస్తాయి?

ఆ పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. 64 అంటే మనకు ఏం వేగం, స్కూటీ కూడా పోతుంది. ఇక్కడే ఫిజిక్స్ సార్ సూత్రం. గంటకు 64 అంటే సెకనుకు దాదాపు 18 మీటర్లు. ఎత్తు నుంచి పడే వస్తువుకు వేగం వర్గం ఈజ్ ఈక్వల్ టు రెండు జీ హెచ్. లెక్క కడితే హెచ్ 16 మీటర్లు వస్తుంది. అంటే మన ఊళ్లో ఇప్పుడు లేచిన అయిదంతస్తుల అపార్టుమెంటు మీద నుంచి కారు ముక్కు మీద పడ్డట్టు. సుల్తాన్‌పూర్ దగ్గర ఔటర్ ఎక్కి 100 మీద పోతే అది దాదాపు 39 మీటర్లు, పదమూడు అంతస్తులు. సరిగ్గా ఉందా సార్?

నా ఉద్దేశం ఇది. అల్విన్ నిస్సాన్ విషయంలో బండి ఖరీదు ఎక్కడ పడిందో యజమానికి కనిపించేది. ప్రతి సామానుకూ బిల్లు కట్టేవాడు. డాట్సన్‌లో పాటల పెట్టె తీశారు, ఒక వైపరు తీశారు, కనిపించాయి, నేను ఒప్పుకున్నాను. కానీ గుద్దితే గది నిలబడుతుందా లేదా అన్నది షోరూంలో ఏ తలుపు తెరిచినా కనిపించదు. ముప్పై ఏళ్లు బండ్లు విప్పిన నాకే కనిపించలేదు. మా అబ్బాయి ఫోనులో ఆ వీడియో చూపిస్తే చూశాను. చూసి కూడా కొన్నాను. అమ్మ ఆటోలో నా చెయ్యి పట్టుకోవడం నాకు రోజూ కనిపించేది. గుద్దుకోవడం ఎప్పుడో జరిగితే జరిగేది.

కొన్న రోజు ఒక నియమం పెట్టుకున్నాను. సన్‌షేడ్ వెనక మార్కరుతో 50 అని రాసుకున్నాను. అమ్మ ఉంటే 40. ఔటర్ ఎక్కను. తొమ్మిదేళ్లు అదే పాటించాను. వెనక నుంచి వచ్చేవాళ్లు హారన్ కొట్టి, దాటిపోతూ తిరిగి చూసేవాళ్లు. అమ్మ "కొట్టుకోనీ బిడ్డ, మనకు తొందరేమున్నది" అనేది. రెండేళ్ల కింద అమ్మ పోయింది. ఆఖరిసారి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది ఆ కారులోనే.

తర్వాత చట్టాలు మారాయి. 2019 నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది, తర్వాత పక్క సీటుకు. 2018 చివర్లో వచ్చిన కొత్త గోలో రెండు బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు అన్ని రకాలకూ ఇచ్చారు. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. కానీ డాట్సన్ అప్పటికే అయిపోయింది. ఇండోనేషియాలో, రష్యాలో 2020లో ఆపేశారు. ఇక్కడ 2022 ఏప్రిల్‌లో రెడీ గో కూడా ఆపుతున్నామని ప్రకటించారు. సర్వీసు, సామాను ఇస్తామన్నారు. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు నాకు దొరుకుతూనే ఉన్నాయి. ఇంజను మైక్రా కుటుంబానిదే కాబట్టి ఆ పనులు తెలిసిన మెకానిక్‌కు ఇది కొత్త కాదు. ఈ కార్లు ఉన్నవాళ్లు భయపడి పారేసుకోకండి, అంతవరకూ నా హామీ.

ఇప్పుడు అసలు ముచ్చట. మా అబ్బాయి ఉద్యోగంలో కుదిరి, తనకు ఒక కారు కొన్నాడు. నాలుగు స్టార్లది. "నాన్నా, ఇంక అది అమ్మెయ్" అంటున్నాడు. మా వీధిలో అద్దెకు ఉండే ఒక పిల్లగాడు అడుగుతున్నాడు. పాశమైలారంలో ఫ్యాక్టరీలో చేస్తాడు. పెళ్లయి రెండేళ్లు, ఏడు నెలల పాప. లక్షా ముప్పై వేలకు మాట అయింది. అడ్వాన్సు పదివేలు ఇచ్చాడు. తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బండి అమ్మేటప్పుడు ఏం చెప్పాలో నాకు అలవాటే. క్లచ్ ప్లేటు ఎప్పుడు మార్చాం, టైర్లు ఎంత అరిగాయి, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా. స్టార్ల సంగతి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పాత కార్ల బజారులో ఆ మాటే ఉండదు. నేను ముప్పై ఏళ్లలో ఎన్నో కార్లకు "బండి మంచిదే, తీసుకో" అని చెప్పాను. ఇంజను చూసి చెప్పాను. గది గురించి ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకూ తెలియదు కాబట్టి. ఇప్పుడు తెలుసు.

మర్నాడు పొద్దున ఆ పిల్లగాడిని పిలిచి, అబ్బాయి ఫోనులో అదే వీడియో చూపించాను. బొమ్మ తల స్టీరింగుకు తగిలే చోట రెండుసార్లు ఆపి చూశాడు. భార్య కూడా పాపను ఎత్తుకుని చూసింది. నేను అడ్వాన్సు తీసి బల్ల మీద పెట్టాను. "ఇంకో లక్ష కూడబెట్టుకుని, బ్యాగులున్నది ఏదన్న చూసుకో" అన్నాను.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బయట ఉన్న తన బైక్ వైపు చూపించి, "సార్, మేం ముగ్గురం ముత్తంగి దాంక దీని మీదనే పోతున్నం. పోయిన వానకాలం లారీ పక్క నుంచి పోతే ఆ గాలికే పడ్డం. దీనికెన్ని స్టార్లు సార్?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఈ వేదిక మీద ఇంతమంది చదువుకున్నవాళ్లున్నారు, మీ దగ్గర ఉంటే భోజనాల దగ్గర చెప్పండి. ఆ కారును తయారు చేసినవాళ్లు చెప్పిన వాదన కూడా ఇదే కదా అని నాకు కోపం వచ్చింది. కానీ ఆ మాటను కంపెనీ పెద్ద చెప్పడం వేరు, వానలో పడి లేచినవాడు చెప్పడం వేరు. అమ్మ చెయ్యి నేను చూసినట్టే వాడు పాపను చూస్తున్నాడు.

ఇస్తానన్నాను. ధర లక్షకు తగ్గించాను. తగ్గించిన ముప్పై వేలలో నాలుగు టైర్లు, బేబీ సీటు తీసుకోవాలని షరతు పెట్టాను. ముందు బ్రేకు ప్యాడ్లు నేనే మార్చాను, వెనక బెల్టులు లాగి చూశాను. సన్‌షేడ్ వెనక 50 అని ఉన్నదాన్ని తుడవలేదు. అతని భార్య దాన్ని చూసి, "ఇదేంది అంకుల్" అని అడిగింది. చెప్పాను. "40 రాయండి" అన్నది. నిన్న రాసి పెట్టాను.

ఆర్‌టీఏ కాగితాలు సోమవారం. అంతవరకూ అది నాదే, గేటు దగ్గర వేపచెట్టు కింద ఉంది. చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు, తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఫిజిక్స్ సార్‌ను మాత్రం సాయంత్రం నేనే ఇంటి దగ్గర దింపుతాను. 40 మీద పోదాం సార్, కొంచెం ఆలస్యమైతది.